చిట్టీ, ఆ అరగంట ఎవరి దగ్గర తీసుకుంటావు?

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది, "పెద్దమ్మా, ఊపిరి తీసుకోడానికే టైము లేదు, ఇంక వాకింగ్ ఎక్కడ" అని. ఆ వెంటనే కుక్కర్ కూత వేసింది, నువ్వు ఫోన్ పెట్టేశావు. కూతకీ కూతకీ మధ్య చెప్పుకునే విషయం కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, వేళచ్చేరి నుంచి మీ ఆఫీసుకి ఆ చెన్నై ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని చదువుకో.

ముందు నా ఘనకార్యం చెప్తాను. నాకు నలభై ఆరో ఏట షుగర్ అని తేలింది, మూడు నెలల సగటు చూపించే టెస్టులో 7.4. ఇంటికొచ్చి ఏడ్చి, మర్నాడే మా వీధి చివర ఒక జిమ్‌లో ఏడాదికి 14,000 కట్టేసి, తెల్లారుజామున నాలుగున్నరకి అలారం పెట్టుకున్నా. పదకొండు రోజులు వెళ్లాను. పన్నెండో రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, బ్యాంకులో కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉండగానే కునికిపాట్లు పడ్డాను. డబ్బు వెనక్కివ్వరట, రసీదు వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉందట. పోతే పోయింది. నిద్రని కోసి తెచ్చుకున్న వ్యాయామం నిలబడదని మాత్రం తెలిసొచ్చింది. నువ్వు ఇప్పటికే పదకొండున్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తున్నావు, అందులోంచి ఇంకో అరగంట లాగితే వారం తిరక్కుండా మంచం ఎక్కుతావు. అలారం జోలికి వెళ్లకు.

మరి ఎక్కణ్ణుంచి తేవాలి అంటావు. అందరూ "టైము దొరకబుచ్చుకోవాలి" అంటారు, అదేదో సోఫా కింద పడిపోయిన రూపాయి బిళ్ల అయినట్టు. ఇంట్లో ఉన్న టైమంతా ఎవరో ఒకరు వాడుకుంటూనే ఉంటారమ్మా, నీకు అరగంట కావాలంటే ఎవరి దగ్గర్నించో తీసుకోవాల్సిందే. నన్నడిగితే ఆ అరగంట మీ ఆయన దగ్గర, ఇంకో పది నిమిషాలు నీ ఫోను దగ్గర. మీ అత్తగారిని మాత్రం అడక్కు, ఆ మోకాళ్లతో ఆవిడ సాయంత్రం ఇద్దరు పిల్లల్ని పట్టుకోవడమే ఎక్కువ.

అల్లుడు మంచివాడే, నేను కాదన్లేదు. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా" అంటాడని నువ్వే అన్నావు. అలా చెప్తూ ఉండటం కూడా ఒక పనేగా, అది మళ్లీ నీ నెత్తి మీదే పడుతుంది. అందుకని సాయం అడక్కు, ఒక పని మొత్తంగా అప్పగించెయ్. పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా పిల్లల్ని లేపడం, బాక్సులు సర్దడం ఆయనది, నువ్వు ఇంట్లో లేవు, అంతే. మీ పెదనాన్నకి నేను బాక్సులు అప్పగించిన మొదటి వారంలో ఏమైందో చెప్పనా, సాంబారు డబ్బా మూత సరిగ్గా బిగించలేదు. మీ అన్నయ్య లెక్కల నోట్సు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పసుపు, మధ్యలో త్రికోణాల దగ్గర ఒక మునక్కాయ ముక్క అతుక్కుని ఎండిపోయింది. సాయంత్రం వాడు తెచ్చి నా ఒళ్లో పడేశాడు, వాళ్ల నాన్న ఒళ్లో కాదు చూడు. "రేపట్నుంచి నేనే పెడతాలే" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆ రాత్రి ఆయనే వెళ్లి కొత్త నోట్సు కొన్నారు, మర్నాటి నుంచి డబ్బాకి రబ్బరు బ్యాండు వేసి, సింకు మీద తలకిందులుగా పట్టుకుని ఊపి చూసి మరీ సంచిలో పెట్టేవారు. అన్నేళ్లు బాక్సులు కట్టి నాకు ఆ రబ్బరు బ్యాండు ఆలోచన రాలేదు. కాబట్టి మొదటి రెండు వారాలు ఏం చూసినా నోరు కట్టేసుకో. చిన్నది గుమ్మం దగ్గర "వెళ్లద్దమ్మా" అని ఏడుస్తుంది, ఏడవనీ, వాళ్ల నాన్న ఉన్నాడుగా.

ఎంత చెయ్యాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, ఓ మోస్తరు వేగంతో. అరగంట చొప్పున ఐదు రోజులు, అయిపోయింది. దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకి పని పెట్టాలి. ఇదివరకు ఒక్కో విడత పది నిమిషాలకి తగ్గకూడదు అనేవాళ్లు, 2020లో ఆ షరతు తీసేశారు, మనలాంటి వాళ్లకి అది పండగే, ఐదు నిమిషాలు మెట్లెక్కినా లెక్కలోకే వస్తుంది. ఓ మోస్తరు వేగం అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మా నాగేశ్వరరావు పార్కులో నలుగురు ఆడవాళ్లు రోజూ కోడళ్ల గురించి చెప్పుకుంటూ నడుస్తారు, వాళ్లు కీర్తనలు కూడా హాయిగా పాడగలరు, అదేం నడకో నాకైతే అర్థం కాదు. (ఆ పార్కు మన అమృతాంజనం నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదే. ఇంటి తలనొప్పులు ఆయన పార్కులో వదిలేసి రావడం నాకు భలే సరదా.)

నీకు పార్కు దగ్గర్లో లేదని వంక పెట్టకు. అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగు. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, పొద్దున ఆరున్నర దాటాక బయట తిరగద్దు, ఒళ్లు ఆవిరైపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కింద నీళ్లు నిలిస్తే నాలుగంతస్తుల మెట్లున్నాయి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కి దిగు.

కండరాల సంగతి వంటింట్లోనే తేల్చెయ్యచ్చు. ఫిల్టర్లో డికాక్షన్ దిగేలోపు నేను చేసేది ఇది: గట్టుకి ఒక చేతి దూరంలో నిలబడి, రెండు అరచేతులూ గట్టు అంచు మీద పెట్టి, మడమ నుంచి తల దాకా ఒంటిని కర్రలా ఉంచి, మోచేతులు మడుస్తూ ఛాతీ గట్టు దగ్గరికి తెచ్చి, మళ్లీ వెనక్కి నెట్టాలి. పదిసార్లు. గట్టు, నేల పొడిగా తుడుచుకుని మొదలుపెట్టు, ఒకసారి దోసెల పిండి మీద చెయ్యి జారి గడ్డం కొట్టుకున్నాను. తర్వాత కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, అదో పదిసార్లు. తేలిగ్గా ఉందనుకుంటావు, ఏడో సారికి తొడలు చెప్తాయి. డెలివరీ తర్వాత నీకు నడుము నొప్పి ఉంది కదా, ముందు ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకుని మొదలుపెట్టు. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టున్నా కళ్లు తిరిగినా ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, దాంట్లో మొహమాటం వద్దు.

రాత్రి అన్నం తిన్నాక నువ్వు సోఫాలో ఒరిగి ఫోను చూస్తావే, అందులో పది నిమిషాలు నాకియ్యి. పిల్లల్ని తీసుకుని కిందకి దిగి నాలుగు చుట్లు తిరుగు. తిన్న వెంటనే నడిస్తే రక్తంలోకి వచ్చిన చక్కెరని కండరాలు వాడుకుంటాయి, ఎక్కువ పెరగదు. మన ఇంట్లో అమ్మమ్మ నుంచి షుగర్ ఉంది, నీకు ఈ నడక తప్పదు. నాకు మాత్రా, నడకా కలిసి ఆరు నెలల్లో 7.4 కాస్తా 6.6కి దిగింది.

మధ్యలో తప్పుతుంది. జ్వరాలొస్తాయి, పరీక్షలొస్తాయి, బొమ్మల కొలువుకి పేరంటాళ్లొస్తారు. తప్పిన రోజులకి బాకీ తీర్చినట్టు ఆదివారం రెండు గంటలు నడిచి కాళ్లు పట్టేయించుకోకు, మర్నాడు మామూలుగా అరగంటే నడు. కొత్త బట్టలు, చేతికి కట్టుకునే వాచీ ఇప్పుడేం కొనకు, ఉన్న బూట్లు చాలు.

సోమవారం నుంచి మొదలు. నడవడానికి వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లోనే వదిలెయ్, కిందే కదా తిరిగేది. ఆ రోజు ఆరుంపావుకి నీకు ఫోన్ చేస్తాను. అల్లుడు ఎత్తాలి.

పెద్దమ్మ
మైలాపూర్