పాపా, పాము కథ పక్కన పెట్టు

పాపా,

నువ్వు పంపిన స్క్రిప్ట్ రెండుసార్లు చదివినా. పాత డిటెక్టివ్ కథల్ని మన కడపకి తెచ్చి అరగంట ఎపిసోడ్లుగా తీయాలనే నీ ఆలోచన నాకు చానా నచ్చింది, అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకుండా కూర్చొని రాస్తాండా. కథల ముగింపులు కూడా చెప్పేస్తా, నువ్వెట్లాగూ చదివినావు కదా.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఇక్కడ ఒక లోకల్ ఛానల్‌కి హత్య కథ ఒకటి రాసిచ్చినా. కథలో "ఆ సాయంత్రం ఇంటికి నలుగురు వచ్చిపోయినారు" అని ఒకే లైను, మేము నిజంగానే నలుగురిని పెట్టి తీసినాం, ముగ్గురు కొత్త పిల్లోళ్లు, నాలుగో ఆయన నాటకాల్లో ఎప్పుడూ పెద్ద వేషాలు కట్టేవాడు. ఇంత పెద్ద యాక్టరు ఊరికే వచ్చి మంచినీళ్లు తాగి పోతాడా అని పదో నిమిషంలోనే మీ అవ్వ కూడా చంపింది వీడే అనేసింది. కాగితం మీద నలుగురూ సమానమే, తెర మీద మొహం కనపడంగానే ఆ సమానం పోతాది. ఇది నాకు అప్పుడు తెలీలేదు, నీకు మాత్రం మొదట్లోనే తెలియాలని చెప్తాండా.

'రెడ్ హెడెడ్ లీగ్' తీసుకో, డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథ, 1891లో స్ట్రాండ్ పత్రికలో వచ్చింది. అందులో హోమ్స్ కుదువ షాపుకి పోయి, తలుపు తీసిన పనోడిని ఊరికే దారి అడిగి వెనక్కి వచ్చేస్తాడు, నేను చూడాలనుకున్నది వాడి ప్యాంటు మోకాళ్లు అంటాడు. ఆ పనోడు, ఎర్రజుట్టోళ్లకి జీతమనే దొంగ ఉద్యోగం చూపించి ఓనరుని రోజూ బయటికి పంపి, వెనకున్న బ్యాంకుని దోచేదానికి నేలమాళిగలో సొరంగం తవ్వుతాండాడు, మోకాళ్ల దగ్గర గుడ్డ అరిగి మాసిపోయింటాది. చదివేవాడికి ఇబ్బంది లేదు, ఎందుకంటే కథ చెప్పేది హోమ్స్ స్నేహితుడు వాట్సన్, ఆయన చూడలేదు కాబట్టి మనమూ చూడలేదు. మరి కెమెరాతో ఏం చేస్తావు? మోకాళ్లు క్లోజప్పులో పెడితే కథ అక్కడే అయిపోయింది, అసలు చూపియ్యకపోతే చూసేవాళ్లని మోసం చేసినట్టు. నా మాట విను, లాంగ్ షాట్లో వాడి మనిషంతా కనపడేట్టు పెట్టు, మోకాళ్లు అందులోనే ఉంటాయి, అదే టైములో ఓనరు కోపంగా ఏదో మాట్లాడుతాంటాడు, జనం ఓనరు మొహం చూస్తారు. నీ స్క్రిప్టులో ప్రతి క్లూ దగ్గరా మ్యూజిక్ అని రాసినావు, అవన్నీ కొట్టేయ్.

ఇంగ్లండులో గ్రెనడా టీవీ వాళ్లు జెరెమీ బ్రెట్‌ని హోమ్స్‌గా పెట్టి తీసిన సీరీస్ 1984 నుంచి 1994 దాకా వచ్చింది, మొత్తం 41 ఎపిసోడ్లు. మళ్లీ చూడు, ఈసారి హోమ్స్‌ని కాదు, వాట్సన్‌ని చూడు. మొదట డేవిడ్ బర్క్, తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వేసినారు. పాత సినిమాల్లో వాట్సన్‌ని నవ్వులకి వాడేసినారు, వీళ్లు మాత్రం ఒక డాక్టరుకి, యుద్ధం చూసొచ్చిన మనిషికి ఉండాల్సిన మర్యాద ఇచ్చినారు. నీ కథలో అసిస్టెంటు కామెడీ ట్రాకు అయిపోయినాడు పాపా, తెలివైనోడు కూడా పట్టుకోలేకపోయినాడంటేనే కదా డిటెక్టివ్ గొప్ప తెలిసేది. అదే గ్రెనడా వాళ్లు రెడ్ హెడెడ్ లీగ్‌లో, కథలో లేని మోరియార్టీని, అంటే హోమ్స్ పెద్ద శత్రువుని తెచ్చి వెనకుండి నడిపించినట్టు పెట్టినారు, తర్వాతి ఎపిసోడ్‌కి దారి కోసం. వాళ్లకి అవసరమేమో గానీ నాకు నచ్చలేదు, ఆ చిన్న దొంగతనం చిన్నగా ఉంటేనే అందం. అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పోయిరోగా డేవిడ్ సూషే వేసిన సీరీస్ (1989లో మొదలైంది) వాళ్లు చేసిన పని మేలు, కథ చాలకపోతే కొత్త ట్విస్టు కాకుండా పోయిరో స్నేహితుడు హేస్టింగ్స్‌నో సెక్రటరీ మిస్ లెమన్‌నో తెచ్చి వాళ్ల మధ్య మాటలతో టైము నింపినారు.

ఇంక మొదటి ఎపిసోడ్‌కి నువ్వు ఎంచుకున్న పాము కథ, హోమ్స్ 'స్పెకిల్డ్ బ్యాండ్'. అది వద్దు. రాత్రిపూట ఈల, గిన్నెలో పాలు, గోడలో వెంటిలేటరు చూపియ్యంగానే మన పిల్లోళ్లు పాము అని అరుస్తారు, ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లు మనవి. లండన్‌లో ఆ కథ చదివినోళ్లకి అది వింత, మనకి కాదు. చెస్టర్టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ అనే పాదిరీ డిటెక్టివ్ కథ ఒకటుంది చూడు, ఇంట్లోకి ఎవరూ రాలేదని కాపలావాళ్లంతా ఒట్టేసి చెప్తారు, వచ్చింది పోస్ట్‌మాను, ఆయన్ని ఎవరూ మనిషి కింద లెక్కేయలేదు. అది యాడికైనా వస్తాది. మన వీధిలో వాటర్ క్యాన్ వేసే పిల్లోడు ఎన్నింటికి వచ్చిపోయినాడో నన్నడిగితే నేనూ చెప్పలేను.

మొదటిదానికి రెడ్ హెడెడ్ లీగ్ పెట్టు, ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిలో. ఎర్రజుట్టు మనకి కుదరదు, దానికి బదులు చేతిరాత పెట్టు. 1820ల్లో సి.పి. బ్రౌన్ దొర కడపలో తన డబ్బులతో పండితుల్ని పెట్టి తాళపత్రాలకి నకళ్లు రాయించినాడని మనోళ్లందరికీ తెలుసు కదా, ఆయన పేరు మీద ఒక ట్రస్టు అంట, ముత్యాల్లాంటి చేతిరాత ఉండేవాళ్లకి జీతమిచ్చి బ్రౌన్ నిఘంటువు మొదటి నుంచి కాపీ చేయిస్తారంట అంటే ఇక్కడ ఎవరైనా నమ్ముతారు. అసలు కథలో కుదువ షాపు ఓనరు ఆ దొంగ ఉద్యోగంలో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో 'ఏ' అక్షరం రాస్తూ 'బి'కి పోవాలని ఆశపడతాడు, మన షాపాయన 'అ'లో ఉండి 'ఆ' ఎప్పుడొస్తాదా అని ఎదురుచూస్తాంటాడు. అక్కడ హోమ్స్ కర్రతో వీధి బండల మీద కొట్టి చూస్తాడు, మన షాపుల్లో కింద కడప బండలే, బండ కింద డొల్లుంటే సౌండు మారేది ఇక్కడ చిన్నపిల్లోళ్లకి కూడా తెలుసు. ఆ సౌండు సెట్లో కాదు, నిజంగా బండల మీద రికార్డు చెయ్.

ఖర్చు గురించి భయపడొద్దు. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన బెంగాలీ డిటెక్టివ్ సీరియల్ బ్యోమకేశ్ బక్షి చూడు, చానా భాగం ఒక గది, ఇద్దరు మనుషులు, మాటలు. రజిత్ కపూర్ పంచె కట్టుకొని కూర్చుంటే చాలు, ఎవరికీ నకలు హోమ్స్ అనిపించలేదు. నీ హీరోకి కోటు, టోపీ రాసినావు, మే నెలలో ప్రొద్దుటూరులో కోటేసుకొని ఎవరు తిరుగుతారమ్మా, తీసేయ్.

ఇంకొకటి, హక్కులు. మన దేశంలో రచయిత పోయినాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటాది. డాయిల్ 1930లో, చెస్టర్టన్ 1936లో పోయినారు కాబట్టి వాళ్ల కథలు వాడుకోవచ్చు. క్రిస్టీ పోయింది 1976లో, బ్యోమకేశ్ రాసిన శరదిందు 1970లో, వాళ్లవి అడగకుండా ముట్టుకోవద్దు.

ఆదివారం రా. నిఘంటువు నా దగ్గరుంది, షాపాయన మొదటిరోజు ఏయే మాటలు రాస్తాడో ఇద్దరం కూర్చొని చూద్దాం. వచ్చేటప్పుడు ఆ రికార్డరు కూడా తీసుకురా, మా పాతింటి వసారాలో మూడో బండ కింద డొల్లుండాది.

మీ పెద్నాయన