ప్లగ్ చేత్తోనే ఎక్కాలి

ప్రశ్న: మెకానిక్ గారూ, నమస్తే. మాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. 70 వేల కిలోమీటర్లు దాటినా స్పార్క్ ప్లగ్‌లు ఒక్కసారి కూడా మార్చలేదు. ఈ మధ్య సిగ్నల్ దగ్గర ఆగితే బండి సన్నగా వణుకుతోంది, పిక్అప్ కూడా తగ్గింది. నేనే మార్చుకుందామని కొత్త ప్లగ్‌లు తెచ్చుకున్నాను. మా బావగారేమో ఇంజిన్ జోలికి పోవద్దంటున్నారు. ఇది ఇంట్లో చేసుకోగలిగే పనేనా? ప్లగ్ మరలకు గ్రీజు రాయాలని ఒకరు, రాయకూడదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చేసుకోగలిగే పనేనమ్మా. బానెట్ ఎత్తి, ఇంజిన్ మీది ప్లాస్టిక్ మూత తీస్తే ప్లగ్‌లకు కరెంటు అందించే నాలుగు కాయిల్స్ వరసగా పైకే కనబడుతున్నాయా? అయితే తొందరపడకుండా చేసినా గంట, గంటన్నరలో అయిపోతుంది. కొన్ని బళ్లలో ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పితే గానీ ప్లగ్‌లు అందవు. మీది అలాంటిదైతే వర్క్‌షాప్‌కి ఇచ్చేయండి.

మీ బావగారి భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ప్లగ్ ఒళ్లు ఉక్కు. అది దిగే సిలిండర్ హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, అల్యూమినియం. ప్లగ్ వంకరగా ఎక్కితే ముందు తెగేది హెడ్‌లోని మరలే. అప్పుడు అక్కడ కొత్త మరలున్న ఇన్సర్ట్ వేయించాలి, ఒక్కోసారి హెడ్డే కిందికి దించాల్సి వస్తుంది. నేను చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ మరల కోసమే.

ముందు మీరు తెచ్చిన ప్లగ్ నంబరును బండి మాన్యువల్‌లో ఉన్నదానితో పోల్చండి. లావు సరిపోయిందని ఊరుకోకండి. మరలున్న భాగం పొడవు తేడా వస్తే ప్లగ్ కొస పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది. వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే హీట్ రేంజ్ అంకె కూడా ఆ నంబరులోనే ఉంటుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్‌లో లెక్క దీనికి తలకిందులు. అందుకే ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీ ప్లగ్ కొనకూడదు.

గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే రెండు కొసల మధ్య ఎడం, చాలా బళ్లకు 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మామూలు నికెల్ ప్లగ్ అయితే పైకొక్కాన్ని నెమ్మదిగా వంచి సరిచేయొచ్చు. ఇరిడియం ప్లగ్ మధ్య కొస అర మిల్లీమీటరు అటూ ఇటూ మందమే ఉంటుంది, నాణెం లాంటి గేజ్ దూర్చి తిప్పితే విరిగిపోతుంది. వైర్ గేజ్‌తో చూడండి. తేడా ఉంటే మార్చి తెచ్చుకోండి. చేయి జారి గచ్చు మీద పడిన ప్లగ్‌ను మాత్రం బాగానే కనబడుతోంది కదా అని వేయొద్దు. లోపల పింగాణీ చిట్లిపోయినా పైకి తెలియదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే చేయడం మేలు. వేడి మీద విప్పితే అల్యూమినియం మరలు ప్లగ్‌తో పాటు ఊడొచ్చే అవకాశం ఎక్కువ. రాచెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్లగ్ సాకెట్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ దగ్గర పెట్టుకోండి. సాకెట్ చాలా బళ్లకు 16 మి.మీ., కొన్నింటికి 14, పాతవాటికి 21. కాయిల్ బోల్టుకు ఎక్కువగా 10 పడుతుంది.

కాయిల్ కనెక్టర్ లాక్ ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి ఉంటుంది. లాక్‌ను బొటనవేలితో నొక్కి, కనెక్టర్‌ను కొంచెం ముందుకు నెట్టి, అప్పుడు వెనక్కి లాగండి. వైరు పట్టుకుని లాగొద్దు. బోల్టు తీశాక కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి పైకి తీయండి, రబ్బరు అంటుకుపోయి ఉంటుంది. ఒక సిలిండర్ పని పూర్తయ్యాకే రెండో దానికి వెళ్లండి.

ఇప్పుడు టార్చ్ వేసి, కాయిల్ తీసిన గుంటలోకి చూడండి. ప్లగ్ చుట్టూ దుమ్ము, ఇసుక, ఎండుటాకు ముక్కలు పేరుకుని ఉంటాయి. ప్లగ్ కదపక ముందే కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టి ఊదేయండి. ప్లగ్ తీశాక ఊదితే అదంతా సిలిండర్‌లోకే పోతుంది. గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ దగ్గరి సీల్ పోయినట్టు. దాన్ని తుడిచేసి వదిలేయకుండా సీల్ మార్పించండి, లేకపోతే కాయిల్ రబ్బరు ఉబ్బిపోతుంది. విప్పుతుండగా ప్లగ్ మధ్యలో బిగుసుకుంటే బలం చూపించొద్దు. కొంచెం వెనక్కి తిప్పి, తుప్పు వదిలించే నూనె వేసి, కాసేపు ఆగి, మళ్లీ కొంచెం కొంచెంగా తిప్పండి.

తీసిన ప్లగ్‌లను ఏ సిలిండర్‌వో తెలిసేలా వరసగా పెట్టండి. కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. తడిగా, నల్లగా, జిడ్డుగా ఉంటే సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది. తెల్లగా మాడి బుడిపెలు తేలి ఉంటే వేడి మితిమీరుతోంది. నాలుగూ ఒకేలా అరిగితే అది వయసు. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్ సంగతి తేల్చుకోవాలి. పాత ప్లగ్‌లను చూడకుండానే చెత్తబుట్టలో పడేస్తే నాకు బాధేస్తుంది.

ఇక అసలు ఘట్టం. నా దగ్గర పని నేర్చుకునే పిల్లల చేతిలోంచి ఇక్కడ రాచెట్ తీసేసుకుంటాను. సాకెట్, ఎక్స్‌టెన్షన్ అంతే. ప్లగ్‌ను జారవిడవకుండా మెల్లగా కిందికి దించండి, ఎత్తు నుంచి పడితే గ్యాప్ మూసుకుపోతుంది. ఎక్స్‌టెన్షన్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందు విప్పే వైపు తిప్పండి. ఒక చోట ప్లగ్ చిన్నగా ‘టక్’మని కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. మర మొదలు అక్కడే. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే చివరిదాకా వేళ్ల బలంతోనే హాయిగా దిగాలి. ఒకటి రెండు చుట్లకే పట్టేస్తే, ఎక్స్‌టెన్షన్ ఓ పక్కకు వాలినట్టు నిలబడితే, తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లయినా ఫరవాలేదు. ఇంపాక్ట్ గన్‌తో ప్లగ్ ఎక్కించి మరలు తెగ్గొట్టిన హెడ్‌లు నా దగ్గరికి వస్తుంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అడుగు తగిలాక టార్క్ రెంచ్ పట్టండి. మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. అల్యూమినియం హెడ్‌లో వాషరున్న 14 మి.మీ. ప్లగ్‌కు సాధారణంగా 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్‌కు 15–20. రెంచ్ లేకపోతే, కొత్త వాషరున్న ప్లగ్‌ను వేళ్లతో బిగిశాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే రకానికైతే చుట్టులో పదహారో వంతే. లూజుగా వదిలినా తప్పే. ప్లగ్ తన వేడిని హెడ్‌కు అందించేది ఆ బిగింపు ద్వారానే.

గ్రీజు మాటకొస్తే, రాయకూడదన్నవారి మాటే వినండి. మరలకు ముందే మెటల్ పూత ఉంటుంది. మరలు పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్ట్ రాస్తే మర జారుడుగా మారి, రెంచ్ అదే అంకె చూపించినా ప్లగ్ అతిగా బిగుసుకుంటుంది. ఎన్‌జీకే కూడా వద్దనే చెబుతుంది. కాయిల్ రబ్బరు లోపలి అంచుకు మాత్రం కరెంటు పారనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి, వచ్చేసారి తేలిగ్గా ఊడుతుంది.

ప్రశ్న: ప్లగ్‌లు మార్చాక కూడా వణుకు తగ్గలేదు. స్కానర్‌లో పీ0301 అని వస్తోంది. కొత్త ప్లగ్ పాడైందా?
– మరో పాఠకుడు

జవాబు: ఆ కోడ్ అర్థం ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోల్ సరిగా మండడం లేదని. ముందు అక్కడి కనెక్టర్ పూర్తిగా నొక్కుకుందో లేదో చూడండి, చాలాసార్లు అదే. బాగానే ఉంటే ఒకటో కాయిల్‌ను మూడో సిలిండర్‌కూ, మూడోదాన్ని ఒకటికీ మార్చి నడపండి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్‌లను అలాగే మార్చి చూడండి. అప్పటికీ ఒకటి దగ్గరే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ చూపించాలి. ఈలోగా ఇంజిన్ లైట్ ఆరి ఆరి వెలుగుతుంటే బండి నడపకండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. ప్లగ్ కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు.

ప్రశ్న: మాది డీజిల్ కారు. స్పార్క్ ప్లగ్‌లు ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?
– ఇంకొక పాఠకుడు

జవాబు: మీ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్‌లు ఉండవు బాబూ. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఉన్నవి గ్లో ప్లగ్‌లు, చలిలో స్టార్టింగ్‌కి సాయం చేస్తాయి. చలి ఉదయాల్లో స్టార్టింగ్ మొరాయిస్తుంటేనో, వాటి హెచ్చరిక లైటు వస్తేనో పరీక్ష చేయించండి. సన్నగా ఉంటాయి, బిగుసుకుంటే హెడ్‌లోనే విరిగిపోతాయి. ఆ పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి.