లైసెన్స్ కొన్నా ఫొటోషాప్‌లో సైన్ ఇన్ కావడం లేదు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిజైన్ కోర్సు నేర్పిన సెంటర్‌లోనే నా ల్యాప్‌టాప్‌లో ఫొటోషాప్ ఉచితంగా వేసి ఇచ్చారు. ఇంటర్న్‌షిప్ వచ్చిందని ఇప్పుడు విద్యార్థుల ధరకు అసలు లైసెన్స్ కొన్నాను. సైన్ ఇన్ కావడం లేదు. మిగతా సైట్లన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి. ల్యాప్‌టాప్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ 'ఉచితం' వదిలి వెళ్లిన గొళ్లెం ఒకటి ఇంకా తలుపుకు ఉన్నట్టుంది.

సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల వరుసలో వెళితే హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ సర్వర్ పేరుకు ఏ ఐపీ అడ్రసో (నెట్‌లో దాన్ని గుర్తించే అంకెల చిరునామా) బయట డీఎన్ఎస్‌ను, అంటే పేర్లకు అడ్రసులు చెప్పే వ్యవస్థను, అడిగే ముందు కంప్యూటర్ ఇందులోనే చూసుకుంటుంది. (1983లో డీఎన్ఎస్ రాకముందు నెట్‌వర్క్ మొత్తం ఇలాంటి జాబితా మీదే నడిచింది.) దొంగ కాపీ వేసేవారు ఇందులో ఫొటోషాప్ తయారుచేసే అడోబ్ సంస్థ సర్వర్ల పేర్లు రాసి, ముందు 127.0.0.1 అని చేరుస్తారు. అది మీ కంప్యూటర్ సొంత అడ్రసే. 'ఈ లైసెన్స్ నిజమైనదేనా' అన్న ప్రశ్న గడప దాటదు. ఇప్పుడు డబ్బు కట్టిన మీ లైసెన్స్ కూడా అదే గడప దగ్గర ఆగిపోయింది.

ముందు పాత కాపీని తీసేసి, వైరస్ స్కాన్ చేయండి. తర్వాత నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫైలులో అడోబ్ పేరున్న వరుసలు మాత్రమే తుడిచేయండి. # గుర్తుతో మొదలయ్యేవి వివరణలే, వాటి జోలికి వెళ్లకండి. సేవ్ చేసేటప్పుడు ఫైలు పేరు చివర .టీఎక్స్‌టీ (.txt) చేరకుండా చూసుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే. రీస్టార్ట్ చేసి మళ్లీ సైన్ ఇన్ కండి. అప్పటికీ కాకపోతే ఫైర్‌వాల్‌లో (నెట్ రాకపోకలకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్) అడ్డంకి ఉందేమో చూడాలి.

మీ స్నేహితులకు కొనే స్తోమత లేకపోతే బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఫొటోలు దిద్దడానికి జింప్, త్రీడీకి బ్లెండర్ ఉచితమే. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కూడా తన సాఫ్ట్‌వేర్‌ను అర్హులైన విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తుంది. మంచి పోర్ట్‌ఫోలియోకు ఇవి చాలు.

ఇంటర్న్‌షిప్‌లో ఆఫీసు కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో ఇలాంటి వరుస కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. అది ఆ సంస్థ సొంత లైసెన్స్ సర్వర్ అడ్రసు కావచ్చు. మీరు తుడిస్తే ఆ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. సిస్టమ్ అడ్మిన్‌ను అడగండి.