వేగస్‌లో "పక్కనే ఉందిగా" అన్న మాట నమ్మకండి

ప్రశ్న: అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు. లాస్ వేగస్ చూపిద్దామనుకుంటున్నాను. పెద్దవాళ్ళకి నచ్చుతుందా? ఏమేం తెలుసుకుని వెళ్ళాలి?

నచ్చుతుంది, తీసుకెళ్ళండి. కాసినోలు, తాగుడు, రోడ్డు మీద ఆ వేషాలు చూసి ఏమనుకుంటారో అని మనం పడే టెన్షన్‌లో సగం కూడా వాళ్ళు పడరు. మా అమ్మ అయితే ఈకల కిరీటాలు పెట్టుకున్న అమ్మాయిల్ని చూసి "పాపం, ఈ ఎండలో ఎలా నిలబడుతున్నార్రా" అంది, అంతే. వేగస్‌లో పెద్దవాళ్ళ ప్రాణం తీసేది నడక. షోలు, బఫేల గురించి అందరూ చెబుతారు కానీ ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మేం ఫీనిక్స్ దగ్గర ఉంటాం. 2023 జూలైలో అమ్మ, నాన్న, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా వాడు, అందరం కార్లో వెళ్ళాం. ఐదు గంటల డ్రైవ్. అరిజోనా ఎండలకి అలవాటు పడ్డ మాకు వేగస్ ఎండ ఒక లెక్కా అనుకున్నాను. చవగ్గా వచ్చిందని స్ట్రిప్‌కి (పెద్ద హోటళ్ళు, కాసినోలు వరసగా ఉండే మెయిన్ రోడ్డు) దక్షిణం చివర రూమ్ తీసుకున్నాను. సాయంత్రం ఆరింటికి కిందికి దిగితే దూరంగా ఈఫిల్ టవర్ నమూనా కనిపించింది. "అదే కదరా, పక్కనే ఉందిగా, నడుద్దాం" అంది అమ్మ. నాకూ పక్కనే అనిపించింది. మూడు వేలు, నాలుగు వేలు గదులున్న హోటళ్ళు మరి. భవనం కొండంత ఉంటే దూరం కంటికి ఆనదు. తిరుమల కొండ రేణిగుంటలో కనిపిస్తోంది కదా అని నడుచుకుంటూ బయల్దేరినట్టు బయల్దేరాం. తర్వాత చూస్తే మైలున్నర. మొత్తం స్ట్రిప్ నాలుగు మైళ్ళ పైచిలుకు.

అదీ తిన్నగా నడిచే మైలున్నర కాదు. పెద్ద కూడళ్ళలో రోడ్డు దాటాలంటే వంతెన ఎక్కి దిగాలి. చీర కుచ్చిళ్ళు ఇరుక్కుంటాయని అమ్మకి ఎస్కలేటరంటే మొదటి నుంచీ భయం. మొదటి వంతెన దగ్గర అది ఆగిపోయి ఉంటే, మామూలు మెట్లే అనుకుని హాయిగా ఎక్కేసింది. రెండోది తిరుగుతోంది. లిఫ్ట్ వెతుక్కోవడానికే పది నిమిషాలు పట్టింది. (అన్నట్టు, ఆ వంతెనల మీద ఆగి నిలబడకూడదని 2024లో రూల్ పెట్టారు. ఫొటోలు కిందికి దిగాక తీసుకోండి.)

ఫోన్ 109 డిగ్రీలు చూపిస్తోంది. మన లెక్కలో 43. "చెమటే పట్టట్లేదురా, మన నరసరావుపేట కంటే నయం" అన్నారు నాన్న. పొడి ఎండ చేసే మోసం అదే. చెమట పట్టినట్టే ఆరిపోతుంది, దాహం తెలీదు. ఇంకో పావుగంటకి నాన్న మాట్లాడటం మానేశారు. దార్లో చిన్న షాపులో నీళ్ళ బాటిల్ ఏడు డాలర్లు. ఆయన మనసులో రూపాయల్లోకి మార్చుకుని, "ఐదొందల డెబ్భై! అక్కడ పెట్టెయ్" అని నా చేతే దాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టించారు.

ఇక లాభం లేదని ఏసీ కోసం ఎదురుగా ఉన్న కాసినోలో దూరాం. అమ్మకి కాళ్ళు లాగేస్తున్నాయి. కానీ కాసినోలో బెంచీ అనేది కనిపించదండీ. కుర్చీలు వందల కొద్దీ ఉంటాయి, అన్నీ జూదమాడే మెషిన్ల ముందే. సిగరెట్ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అమ్మ వెళ్ళి ఒక స్లాట్ మెషిన్ ముందు కూలబడింది. 21 ఏళ్ళలోపు వాళ్ళు ఆ దారిలో నడిచి వెళ్ళొచ్చు కానీ ఆగకూడదట. సెక్యూరిటీ అతను వచ్చి చెబితే మా ఆవిడ పిల్లాడిని తీసుకుని ముందుకి వెళ్ళిపోయింది.

ఇంతలో ట్రే పట్టుకుని ఒకావిడ వచ్చి ఏం తాగుతారని అడిగింది. అమ్మ నావైపు తిరిగి "మంచినీళ్ళు ఇస్తుందేమో అడగరా" అంది. ఆవిడ సరేనని వెళ్ళింది. నాన్నకి మొహమాటం మొదలైంది. "ఆడకుండా కూర్చుంటే బాగోదు" అని జేబులోంచి ఐదు డాలర్ల నోటు తీసి మెషిన్‌లో పెట్టారు. చూపుడు వేలితో ఒక్కోసారి నొక్కడం, కళ్ళజోడు సర్దుకుని బొమ్మలన్నీ ఆగేదాకా చూడటం, మళ్ళీ నొక్కడం. నీళ్ళు వచ్చేసరికి ఇంకా మూడు డాలర్లు మిగిలే ఉన్నాయి. రెండు చల్లటి బాటిళ్ళు. డబ్బులు అడగలేదు. ఆడేవాళ్ళకి అక్కడ డ్రింక్స్ ఊరికే ఇస్తారు, ట్రేలో ఒకటో రెండో డాలర్లు టిప్ పెడితే చాలు. "బయట ఏడు డాలర్లు, ఇక్కడ ఊరికేనా!" అని నాన్న సగం బాటిల్ ఒక్క గుక్కలో తాగేశారు. ఆ తర్వాత మూడు రోజులూ ఏ కాసినో కనిపించినా అమ్మది ఒకటే మాట: "నీళ్ళు తాగి వెళ్దామా?"

రెండో రోజు నుంచి బుద్ధిగా బస్సెక్కాం. స్ట్రిప్ మీద డ్యూస్ అని డబుల్ డెక్కర్ బస్సు 24 గంటలూ తిరుగుతుంది. మోనోరైల్ ఉంది కానీ స్టేషన్లు తూర్పు వైపు హోటళ్ళ వెనకాల ఉంటాయి, అక్కడికి చేరడానికే కాసినో అంతా దాటాలి. ఎయిర్‌పోర్టుకి అది వెళ్ళనే వెళ్ళదు. బెల్లాజియో హోటల్ నుంచి పార్క్ ఎంజీఎం హోటల్ దాకా వెళ్ళే ట్రామ్ మాత్రం ఉచితం. పార్క్ ఎంజీఎం కాసినోలో సిగరెట్లు కూడా కాల్చనివ్వరు, పెద్దవాళ్ళకి అది పెద్ద వరం. నన్నడిగితే రూమ్ బెల్లాజియో చుట్టుపక్కలే తీసుకోండి. చివర తీసుకుని మిగిల్చిన డబ్బు టాక్సీలకే పోయింది నాకు.

మిగిల్చానన్నదీ ఉత్తమాటే. రాత్రికి 69 డాలర్లని బుక్ చేస్తే, రిసార్ట్ ఫీజు (రూమ్ అద్దె కాక హోటల్ వాళ్ళు వేసే అదనపు చార్జీ), దాని మీద టాక్స్ కలిపి 129 చేశారు. పార్కింగ్ వేరే. ఫీజుతో కలిపిన రేటే ముందు చూపించాలని 2025 మేలో అమెరికా కేంద్ర ప్రభుత్వం రూల్ తెచ్చింది కాబట్టి మీకు ఆ షాక్ తప్పుతుంది, ఫీజు మాత్రం తప్పదు. ఆదివారం నుంచి గురువారం దాకా రేట్లు తక్కువ. ఇంకోటి, రూమ్‌లో ఫ్రిజ్ ముట్టుకోకండి. అమ్మ పెరుగన్నం డబ్బా పెట్టడానికి కూల్‌డ్రింక్ క్యాన్లు పక్కకి జరిపింది. కదిపితే కొన్నట్టే లెక్కట, లోపల సెన్సర్లున్నాయి. బిల్లు మాఫీ చేయించడానికి నేను కౌంటర్ దగ్గర అరగంట నిలబడ్డాను.

బెల్లాజియో ఫౌంటెన్లు మాత్రం రాత్రి తప్పకుండా చూపించండి. పైసా ఖర్చు లేదు, రాత్రిపూట పావుగంటకోసారి వేస్తారు. మా నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా సాగర్ కుడి కాలువ మీదే. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన "ఎడారిలో ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నార్రా?" అని అడిగారు. ఊరికి తొంభై శాతం నీళ్ళు కొలరాడో నది నుంచే, హూవర్ డ్యామ్ వెనక ఉన్న లేక్ మీడ్ నుంచే వస్తాయని చెప్పాను. అంతే, తిరుగు ప్రయాణంలో డ్యామ్ చూడాల్సిందే అన్నారు.

డ్యామ్ పక్కన హైవేకి కట్టిన కొత్త వంతెన మీద నుంచి వెళ్ళిపోతే కార్లోంచి డ్యామ్ కనిపించదు, పక్క గోడలు అడ్డం. ముందే పాత రోడ్డులోకి తిరగాలి. 221 మీటర్ల ఎత్తు, మన సాగర్ 124. "మనది రాతికట్టడం, దానికీ దీనికీ పోలిక లేదు" అన్నారు నాన్న, తక్కువ చేస్తే ఊరుకోనన్నట్టు. జలాశయం చుట్టూ కొండలకి నీటిమట్టం పడిపోయిన మేర తెల్లటి చార ఉంటుంది. దాన్ని అలా చూస్తూ నిలబడిపోయారు. డ్యామ్ దగ్గర ఒక టవర్ మీద నెవాడా (వేగస్ ఉన్న రాష్ట్రం) టైం, ఇంకోదాని మీద అరిజోనా టైం చూపించే గడియారాలున్నాయి. జూలైలో రెండూ ఒకటే చూపిస్తున్నాయి, అరిజోనా వాళ్ళు ఎండాకాలం గడియారం మార్చరు కాబట్టి. ఇది ఆయనే కనిపెట్టి మా వాడికి చెప్పారు. స్ట్రిప్ మీద పావుగంటకే నీరసపడిన మనిషి అదే ఎండలో గంటన్నర తిరిగారు.

మళ్ళీ వస్తే నన్ను డ్యామ్ దగ్గర దింపేసి మీరు ఊళ్ళోకి వెళ్ళండి అంటున్నారిప్పుడు. ఈసారి నవంబర్‌లో రమ్మన్నాను.