విశ్వావసులో మావారి ఏడు అవమానాలు

"విశ్వావసు నామ సంవత్సరం మీ కుటుంబానికి ఎలా గడిచింది? ఉగాది నాడు పంచాంగంలో విన్నది నిజమైందా?" అన్న ఈ ప్రశ్నకు చాలామంది కాలేదనే జవాబిచ్చారు. మా ఇంట్లో మాత్రం అంకెలతో సహా నిజమైంది. 2025 మార్చి 30న, రావులపాలెం దగ్గరున్న మా ఊరి రామాలయంలో పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు, మేషరాశికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 5, అవమానం 7 అని పంతులుగారు చదివారు. మావారిది మేషం. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి కావడంతో అంకె చెవిన పడితే సరిచూడకుండా ఉండలేరు. ఇంటికి రాగానే పంచాంగం అంచున పెన్సిలుతో నాలుగు గళ్లు గీసి, సంవత్సరమంతా జరిగినవి వాటిలో వేసి చూపిస్తానన్నారు.

ఆ గళ్లవల్ల మొదట నష్టపోయినది నేనే. మే నెలలో 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ నది పుష్కరాలు జరిగాయి. వెళ్దామని నేనంటే, వ్యయం పద్నాలుగు ఉన్న సంవత్సరంలో ప్రయాణాలేమిటని ఆయన అడ్డుపడ్డారు. 2027లో గోదావరి పుష్కరాలు మన గుమ్మం ముందుకే వస్తుంటే అంతదూరం వెళ్లి మునగడం దేనికన్నది ఆయన వాదన. పుణ్యాన్ని కూడా దగ్గర కొట్లో కొనాలనుకునే ఇలాంటి మనుషులతో కాపురం చేసినవాళ్లకే నా బాధ తెలుస్తుంది. పోనీ ఆదాయం లేదా అంటే, అదే సంవత్సరం కొబ్బరికాయల ధర మేమెన్నడూ ఎరగనంతగా పెరిగి, పెరట్లోని నాలుగు చెట్లే మమ్మల్ని ఆసాములను చేశాయి. దానిని ఆదాయంలో ఒకటిగా వేశారు. మనవరాలికి కాకినాడలో ఇంజినీరింగు సీటు రావడం రెండోది. అంతటితో ఆదాయం గడి మూసేశారు. ఆ తరువాత ఇంట్లోకి రూపాయి వచ్చినా లెక్కలోకి రాదని ముందే చెప్పారు.

ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాయి. మా కుటుంబానికి సంవత్సరం అసలు మొదలైనది అప్పుడే అని నా అభిప్రాయం. దసరా వెళ్లగానే వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు వస్తానని మొక్కుకున్నాను. శనివారానికి ఏడు ప్రదక్షిణలు చేయాలి. వ్యయం గడిలో గీత పడదు కనుక మావారు కాదనలేకపోయారు. పైగా మొదటి శనివారం కోడలితోను నాతోను తామూ బయలుదేరారు.

రావులపాలెంలో బస్సు ఎక్కితే కాలు పెట్టడానికి చోటు లేదు. నలుగురైదుగురు మగవాళ్లు తప్ప అందరం ఆడవాళ్లమే, అందరి చేతుల్లోనూ ఆధార్ కార్డులే. కండక్టరు కుర్రవాడు కార్డులు చూసి సున్నా టికెట్లు చకచకా కొట్టి ఇస్తూ వచ్చి మావారి దగ్గర ఆగాడు. ఆయన ఎంతో హుందాగా జేబులోంచి ఐదువందల నోటు తీసి అందించారు. ఆ కుర్రవాడు నోటువైపు, ఆయనవైపు చూసి, "తాతగారూ, ఇంత బస్సులో డబ్బులిచ్చేది మీరూ ఆ వెనకాల ఇద్దరూనండీ. నా సంచీలోకి చిల్లర ఎక్కడినుంచి వస్తుందండీ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అరవై దాటినవాళ్లకు టికెట్టులో పాతిక శాతం రాయితీ ఉంది కదా, అదైనా ఇమ్మని మావారు నిలదీశారు. ఇస్తానండీ, ఆధార్ చూపించండి అన్నాడతను. ఉదయం మేమిద్దరం కార్డులు వెతుక్కుంటుంటే, బస్సెక్కడానికి కూడా గుర్తింపు కార్డులేమిటని వెక్కిరించి, తమది బీరువాలోనే వదిలి వచ్చిన మనిషి ఆయన. ఆ వాదన తెగేలోగా, వెనక సీటులో పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక అమ్మాయి కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పడిన ఇరవై రూపాయల నోటు తీసి, "పెద్దాయన టికెట్టు నేను తీసుకుంటానండీ, పాపం" అంటూ అందించింది. ఆ "పాపం" అన్నమాట దగ్గర మావారి ముఖం చూడవలసిందే. గుడి దగ్గర నోటు మార్చి ఇరవై తిరిగిచ్చినా ఆమె పుచ్చుకోక, తిరిగి వెళ్లేటప్పటి టికెట్టుకు ఉంచుకోమంది. ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే పంచాంగం తీసి, అవమానం గడిలో మొదటి గీత గీశారు.

ఈ బస్సులవల్ల మగవాళ్లకు సీట్లు దొరకడం లేదని మా వీధి అరుగుల మీద రోజూ గోల. కిటికీలోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు ఆపుకున్న రోజుల్లో మేము నిలబడి ప్రయాణించలేదా? ఊరి ప్రయాణానికి ముందు చార్జీ డబ్బులు అడిగి, ఎందుకు, ఎక్కడికి, ఎప్పుడు వస్తావు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకునే పని తప్పిన తరువాత మా వీధిలో అత్తాకోడళ్ల తగవులు సగానికి సగం తగ్గాయి. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మిగతా గీతలు త్వరత్వరగానే పడ్డాయి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకుముందు రోజు కూడా అది ఒడిశావైపే తిరుగుతుందని మావారు వీధిలో అందరికీ హామీ ఇచ్చి, కొవ్వొత్తులు కొననివ్వలేదు. కరెంటు పోయాక, ముందే కొనుక్కున్నందుకు ఎవరిని చూసి నవ్వారో ఆ ఎదురింటాయన దగ్గరికే కొవ్వొత్తుల కోసం గొడుగు వేసుకుని వెళ్లవలసి వచ్చింది. అష్టాచెమ్మాలో ఆరేళ్ల మనవడి చేతిలో వరసగా ఓడినందుకు రెండు గీతలు వేస్తే, ఆటలో ఓటమి అవమానం కాదని కొట్టేయబోయారు. నేను పడనివ్వలేదు.

డల్లాస్‌లో ఉన్న పెద్దబ్బాయి దసరాకు రావలసింది. సెప్టెంబరు 19న అక్కడి అధ్యక్షుడు హెచ్‌1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో, దేశం దాటవద్దని వాళ్ల ఆఫీసు చెప్పింది. అది కొత్త దరఖాస్తులకేనని తేలేసరికి టికెట్లు రద్దయిపోయాయి. ఆ పోయిన డబ్బును మావారు తమ వ్యయం గడిలో వేసుకున్నారు. డబ్బు వాడిది, గీత ఈయనది. అదే నెల 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గేదాకా ఆగి పెద్ద టీవీ కొన్నందుకు మాత్రం రాజపూజ్యంలో గీత వేసుకున్నారు. ఎవరు పూజించారో నాకు తెలియదు.

అవమానం గడిలో ఇప్పటికి ఆరు గీతలున్నాయి. 2026 మార్చి 19న పరాభవ నామ సంవత్సరం వస్తోంది, అప్పటిదాకా గడప దాటనని ఆయన పట్టుదల. నాది మిథునం, ఆదాయం 14, వ్యయం 2. ఆ పద్నాలుగు ఎక్కడున్నాయో చూపించమని ఆయన అడిగితే, పంచాంగంలో దాచుకున్న సున్నా టికెట్ల కట్ట ముందు పెట్టాను. ఖర్చు కానిది ఆదాయం ఎలా అవుతుందని మాస్టారు పాఠం మొదలుపెట్టారు. కోడలిని తీర్పు చెప్పమంటే, నా దగ్గరున్న కట్టలో సగం తనదేనని దావా వేసింది.