700 హార్స్‌పవర్ ఉన్న ట్రక్కు ఎక్కువ బరువు లాగుతుందా?

డల్లాస్ ప్రాంతానికి వచ్చిన మన కుర్రవాళ్లలో కొందరు ఉద్యోగం కాస్త కుదుటపడగానే పెద్ద పికప్ ట్రక్కు మీద మనసు పడుతున్నారు. మొన్న ఒక తమ్ముడు నన్ను ఇలా అడిగాడు: "అన్నా, ఒక సెకండ్ హ్యాండ్ రామ్ టీఆర్‌ఎక్స్ చూశాను. 702 హార్స్‌పవర్. వారాంతంలో డ్రాగ్ స్ట్రిప్‌కు, అంటే తిన్నటి దారి మీద వేగం పందేలు జరిగే చోటుకు తీసుకెళ్లొచ్చు, వేసవి సెలవుల్లో ట్రైలర్ తగిలించుకుని కొలరాడో వెళ్లొచ్చు. ఒకే బండితో రెండు పనులూ అయిపోతాయి కదా?" ఇదే సందేహం ఇంకా చాలామందికి ఉన్నట్టు తెలిసి, నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒకే కంపెనీ బండ్లు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. టీఆర్‌ఎక్స్‌లో ఉన్నది సూపర్‌చార్జర్ బిగించిన 6.2 లీటర్ల వి8 ఇంజిను. దాని బలం 702 హార్స్‌పవర్, అది అధికారికంగా లాగగలిగే బరువు 8,100 పౌండ్లు. అదే తరం మామూలు రామ్ 1500లో 5.7 లీటర్ల హెమీ ఇంజిను బలం 395 హార్స్‌పవర్ మాత్రమే అయినా, తగిన యాక్సిల్ (చక్రాల ఇరుసు) గేర్లతో తీసుకుంటే అది 12,750 పౌండ్ల దాకా లాగుతుంది. బలం దాదాపు సగమే ఉన్న బండి ఒకటిన్నర రెట్లు లాగుతోందంటే, లాగడమనేది ఇంజిను ఒక్కదాని పని కాదని అర్థమవుతుంది. టీఆర్‌ఎక్స్‌ను ఇసుక దిబ్బల మీద ఎగిరి దూకడానికి వీలుగా మెత్తని, పొడవైన సస్పెన్షన్‌తోనూ 35 అంగుళాల టైర్లతోనూ తయారుచేశారు. దాని సొంత బరువే దాదాపు 3 టన్నులు కావడంతో మనుషులకూ సామానుకూ మిగిలే పేలోడ్ 1,310 పౌండ్లే.

ఒంగోలు ప్రాంతం వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బండలాగుడు పోటీలో గెలిచే జతను ఎడ్లబండి పరుగు పందేనికి ఎవరూ కట్టరు. అక్కడ అడుగు ముందుకు పడడమే కష్టమైన బరువును నిర్ణీత సమయం పాటు ఆగకుండా ఈడ్చాలి, ఇక్కడ తేలికైన బండితో క్షణాల్లో గీత దాటాలి.

ఇంజిన్లలోనూ ఇదే తేడా. ఇంజినుకుండే తిప్పుడు బలం టార్క్, నిమిషానికి అది తిరిగే చుట్ల లెక్క ఆర్‌పీఎం. పౌండ్-ఫుట్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగిస్తే వచ్చేదే హార్స్‌పవర్. రామ్ హెవీ డ్యూటీ ట్రక్కుల్లో వచ్చిన 6.7 లీటర్ల కమిన్స్ హై అవుట్‌పుట్ డీజిల్ 1,800 ఆర్‌పీఎం దగ్గరే 1,075 పౌండ్-ఫుట్ టార్క్ ఇస్తుంది. లెక్క కడితే అది 368 హార్స్‌పవర్. దాని గరిష్ఠ బలం 420 హార్స్‌పవరే కాబట్టి, ఇంజిను ఇంకా తాపీగా తిరుగుతుండగానే శక్తిలో అత్యధిక భాగం చేతికి అందుతోందన్నమాట. టీఆర్‌ఎక్స్ తన 650 పౌండ్-ఫుట్ టార్క్‌ను 4,800 ఆర్‌పీఎం దగ్గర, పూర్తి హార్స్‌పవర్‌ను 6,100 దగ్గర ఇస్తుంది. డ్రాగ్ రేసులో యాక్సిలరేటర్ చివరిదాకా నొక్కే ఉంటుంది, ఇంజిను ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది కనుక అక్కడ దీనిదే పైచేయి. డీజిల్ 3,000 దాటిన కాసేపటికే ఆగి, తరువాతి గేరు కోసం చూస్తుంది.

డ్రాగ్ స్ట్రిప్ మీద పావు మైలు అంటే 402 మీటర్లు. టీఆర్‌ఎక్స్ ఆ దూరాన్ని 12.9 సెకన్లలో దాటుతుందని కంపెనీ ప్రకటించింది. ఇంజిను పడే కష్టం అంతటితో సరి. తరువాతి పరుగు దాకా చల్లబడడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. సూపర్‌చార్జర్ గాలిని నొక్కినప్పుడు ఆ గాలి బాగా వేడెక్కుతుంది, వేడి మితిమీరితే కంప్యూటర్ బలాన్ని తగ్గించేస్తుంది. కానీ పదమూడు సెకన్ల పనిలో ఆ వేడిని ఎలాగో ఓర్చుకోవచ్చు. వేగం కోసమే పుట్టిన పికప్పులు ఇంతకుముందూ ఉన్నాయి. 1991 నాటి జీఎంసీ సైక్లోన్ 280 హార్స్‌పవర్ టర్బో వి6తో ఆనాటి స్పోర్ట్స్ కార్లకు దీటుగా పరిగెత్తింది, కానీ మోయగలిగింది 500 పౌండ్లే.

ట్రైలర్ లాగడం ఇందుకు పూర్తిగా భిన్నం. కొలరాడోలో ఐ-70 మీద డిల్లన్ నుంచి ఐసెన్‌హోవర్ సొరంగానికి దాదాపు 8 మైళ్ల పాటు 7 శాతం ఎత్తు, అంటే ప్రతి వంద అడుగులకు 7 అడుగుల ఎత్తు ఉంటుంది. ట్రక్కు, ట్రైలర్ కలిపి 16,000 పౌండ్లు అనుకుని గంటకు 50 మైళ్ల వేగంతో ఎక్కితే, ఆ బరువును పైకి ఎత్తడానికే సుమారు 150 హార్స్‌పవర్ కావాలి, గాలినీ టైర్ల రాపిడినీ తట్టుకోవడానికి మరికొంత కావాలి. మొత్తం చూసినా 700కు దరిదాపుల్లోకి రాదు, అయితే ఆ శక్తిని దాదాపు పది నిమిషాల పాటు ఎడతెగకుండా ఇవ్వాలి. అందుకే ఎస్‌ఏఈ జె2807 అనే టోయింగ్ ప్రమాణంలో అరిజోనా ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, డేవిస్ డ్యామ్ దగ్గరి కొండను పదకొండు మైళ్లకు పైగా ఎక్కిస్తారు. ఆ పరీక్షలో నిలబెట్టేవి రేడియేటర్, గేర్‌బాక్సును చల్లబరిచే ట్రాన్స్‌మిషన్ కూలర్, యాక్సిల్ గేర్ల నిష్పత్తి.

నేను ఈ పాఠం 2014లో నేర్చుకున్నాను. అప్పటి నా పికప్‌లో టర్బో లేని 5 లీటర్ల వి8, 360 హార్స్‌పవర్ ఇంజిను ఉండేది. వెనక 6,800 పౌండ్ల ట్రైలర్ తగిలించుకుని న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులోని రాటన్ పాస్ ఎక్కుతున్నాం. ఆ కనుమ ఎత్తు 7,834 అడుగులు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి, గాలిని నొక్కి పంపే టర్బో లేని ఇంజిను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది గనుక, పైకి చేరేసరికి నా దగ్గర దాదాపు 80 గుర్రాలు తక్కువ. బండి రెండో గేరుకు దిగి, 4,000 ఆర్‌పీఎం పైన అరుస్తూ, గంటకు 45 మైళ్ల దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లో పిల్లలు మాటలు మానేశారు, నా భార్య ఉష్ణోగ్రత ముల్లు మీంచి చూపు తిప్పలేదు. దిగేటప్పుడు అంతకన్నా భయం వేసింది, బ్రేకులు కాలిన వాసన లోపలికే వచ్చింది. అందుకే డీజిల్ ట్రక్కుల్లోని ఎగ్జాస్ట్ బ్రేకును నేను టార్క్ అంకె కన్నా విలువైనదిగా భావిస్తాను: కాలు బ్రేకు మీద పెట్టకుండానే అది ట్రైలర్‌ను పట్టి ఉంచుతుంది.

దిగాక ఒక ట్రక్ స్టాప్‌లో కాటా వేయించాను. తలుపు పక్కన స్టిక్కర్ మీద పేలోడ్ 1,480 పౌండ్లు అని ఉంది. హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద ట్రైలర్ మోపిన బరువు 880, మా నలుగురి బరువూ సంచులతో కలిపి 620, జనరేటర్, కూలర్ మరో 250. మొత్తం 1,750 పౌండ్లు. లాగే బరువు పరిమితిలోనే ఉన్నా, మోసే బరువు 270 పౌండ్లు మించిపోయింది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుందన్న సంగతి అప్పటిదాకా నేను లెక్కలోకే తీసుకోలేదు.

అలాగని అందరూ డీజిల్ కొనాలని నేను అనను. ఫ్రిస్కో నుంచి ప్లేనోకు రోజూ ఆఫీసుకు పోయిరావడమే పనైతే, ఆ చిన్న ప్రయాణాల్లో పొగను వడకట్టే ఫిల్టరు తనను తాను శుభ్రపరచుకునేంత వేడి అందక మూసుకుపోతుంది. డీజిల్ ఇంజిను బరువు ఎక్కువ కావడంతో ఎఫ్-250 వంటి ట్రక్కులో పెట్రోలు రకం కన్నా పేలోడ్ తగ్గుతుంది కూడా. ఆ ఫిల్టరు పీకించి బలం పెంచుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇది. ట్రైలర్ 7,000 పౌండ్ల లోపైతే, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఉన్న ఎఫ్-150ని, పేలోడ్ ఎక్కువ రాసి ఉన్నది వెతికి తీసుకోండి. 400 హార్స్‌పవర్, 500 పౌండ్-ఫుట్ టార్క్, జంట టర్బోలు ఉండడంతో కొండల మీదా నీరసపడదు, స్ట్రిప్ మీదా సరదా తీరుస్తుంది. ఏటా చాలాసార్లు 12,000 పౌండ్లకు మించి లాగేటట్టయితే డీజిల్ హెవీ డ్యూటీ తప్ప వేరే దారి చూడకండి. పరుగే ముఖ్యమైతే టీఆర్‌ఎక్స్ కొనుక్కోండి, దానికి చిన్న పడవ మాత్రమే తగిలించండి.

పందెం మాత్రం రోడ్డు మీద వద్దు. టెక్సస్‌లో రోడ్డు మీద రేసు పెట్టుకుంటే 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు; గ్రీన్ కార్డు దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, జవాబు నిజమే రాయాలి. డల్లాస్ దగ్గరి ఎన్నిస్‌లో 1986 నుంచీ టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్ ఉంది, ముందుగా ఫోన్ చేసి హెల్మెట్ నిబంధనలు కనుక్కుని అక్కడికి వెళ్లండి. బయలుదేరే ముందు ట్రక్కు హిచ్ తీసి ఇంట్లో పెట్టండి.