ఉక్రెయిన్ చరిత్ర ప్రసంగాలు వింటున్న అమ్మాయికి ముందున్న దారి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అమ్మాయి హైదరాబాదులో బి.ఎ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతోంది. మా అన్నయ్యగారి అబ్బాయి ఖార్కివ్‌లో వైద్యవిద్య చదువుతూ 2022 మార్చిలో తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి అమ్మాయి ఉక్రెయిన్ చరిత్ర, సంస్కృతి, యుద్ధం గురించి విదేశీ ఆచార్యులు చేసే ప్రసంగాలను రాత్రి రెండింటికి లేచి మరీ వింటోంది. దానినే పరిశోధనకు ఎంచుకుంటానంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా, లేక ఇది కొన్నాళ్ల ఆసక్తేనా? — ఒక తండ్రి

జవాబు: మీ ఆందోళన సహజమైనదే. అయితే మీ అమ్మాయి వింటున్నది కాలక్షేపపు మాటలు కావని ముందుగా చెప్పాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1973లో ఏర్పడిన ఉక్రేనియన్ పరిశోధన సంస్థ, కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1976లో మొదలైన ఉక్రేనియన్ అధ్యయన సంస్థ ఈ రంగంలో దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. పూర్తిస్థాయి యుద్ధం మొదలైన 2022లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య తిమొతీ స్నైడర్ ఆధునిక ఉక్రెయిన్ ఏర్పడిన తీరుపై తన విద్యార్థులకు చెప్పిన 23 తరగతులను ఎవరైనా ఉచితంగా చూడగలిగేలా యూట్యూబ్‌లో ఉంచారు. హార్వర్డ్ ఉన్న బోస్టన్ ప్రాంతంలో వేసవి సాయంత్రం నాలుగున్నర అయితే మనకు తెల్లవారుజామున రెండవుతుంది. చాలా ప్రసంగాల రికార్డింగులు తరువాత దొరుకుతాయి కాబట్టి నిద్ర మానుకోవలసిన అవసరం లేదని అమ్మాయికి నా మాటగా చెప్పండి.

ఇక భవిష్యత్తు విషయం. ఉక్రెయిన్ చరిత్రకే ప్రత్యేకించిన అధ్యాపక ఉద్యోగాల మీద ఆశ పెట్టుకొని మన దేశంలో ఎవరూ చదువు మొదలుపెట్టకూడదు. అమ్మాయి ముందుగా మంచి చరిత్రకారిణి కావాలి. ఉక్రెయిన్ ఆమె పనిచేసే క్షేత్రం అవుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో, జె.ఎన్.యు.లోనో చరిత్రలో ఎం.ఎ. చేసి, అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ రాసి, పరిశోధనకు ఇచ్చే జె.ఆర్.ఎఫ్. భృతి సాధిస్తే ఏ కళాశాలలోనైనా చరిత్ర బోధించే అర్హత చేతిలో ఉంటుంది. ఆ ఆధారం ఉన్నాక అంతర్జాతీయ వ్యవహారాల పరిశోధన సంస్థలు, అనువాదం, పత్రికారచన, దస్త్రాల డిజిటలీకరణ వంటి పనులకు ఈ ప్రాంతీయ జ్ఞానం అదనపు బలమవుతుంది. విదేశాల్లో మాస్టర్స్ కోసం ఉపకారవేతనం లేకుండా బ్యాంకు అప్పు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో చరిత్ర పిహెచ్.డి.లో సీటు దొరకడం కష్టమే కాని, దొరికినవారికి సాధారణంగా ఫీజు మినహాయింపు, జీవనభృతి రెండూ ఉంటాయి.

ఇది నిలిచే ఆసక్తో కాదో తేల్చేది భాష. ప్రసంగం ఇంగ్లీషులో వినవచ్చు, పరిశోధన ఇంగ్లీషులో చదివి చేయలేము. సోవియట్ కాలపు ప్రభుత్వ పత్రాలు ఎక్కువగా రష్యన్‌లో ఉంటాయి. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో రష్యన్ నేర్చుకోవచ్చు. కాని రష్యన్‌తో ఆగిపోతే ఉక్రెయిన్‌ను మళ్లీ మాస్కో కిటికీలోంచి చూసినట్టే అవుతుంది, ఈ తరం ఉక్రెయిన్ పండితులు సరిదిద్దాలని పాటుపడుతున్నది సరిగ్గా ఆ చూపునే. కాబట్టి ఉక్రేనియన్ తప్పనిసరి. ‘గ’ ధ్వనికి ఆ భాషలో ప్రత్యేకంగా ఒక అక్షరం ఉండేది. 1933లో సోవియట్ ప్రభుత్వం దాన్ని వర్ణమాల నుంచి తీసివేసింది, 1990లో అది తిరిగి వచ్చింది. ఒక్క అక్షరం వెనుక ఇంత కథ ఉందని తెలిశాక, వ్యాకరణం నేర్చుకోవడానికి రోజూ ఒక గంట కూర్చోవాలని అనిపించేవారికే ఈ రంగం. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో ఉచితంగా మొదలుపెట్టి ఆరు నెలలు మానకుండా సాగిస్తే అమ్మాయి మనసు ఆమెకే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది.

వినే పద్ధతి కూడా మారాలి. ఉదాహరణకు 1876లో రష్యా చక్రవర్తి (జార్) రెండవ అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో విడిది చేసి ఉండగా ఉక్రేనియన్ భాషపై ఒక ఆజ్ఞ జారీ చేశాడని ప్రసంగంలో వింటుంది. ఆ భాషలో పుస్తకాల ముద్రణను, బయటి నుంచి పుస్తకాలు తెప్పించుకోవడాన్ని, నాటక ప్రదర్శనలను అది నిషేధించింది. ఇది విని ‘అయ్యో’ అనుకొని ముందుకు వెళితే అది శ్రోత పని. విద్యార్థి అయితే వీడియో ఆపి నోటుపుస్తకంలో రాసుకోవాలి: నిషేధం నుంచి ఏవి మినహాయించారు, ఆనాటి ఆస్ట్రియా పాలనలో ఉన్న పశ్చిమ ఉక్రెయిన్ నగరం ల్వివ్‌లో ఎందుకు ముద్రించగలిగారు, ఈ మాటకు వక్త చూపిన ఆధారం ఏది. తరువాత అల్బర్టా సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న ఉక్రెయిన్ విజ్ఞాన సర్వస్వంలో సరిచూసుకోవాలి. చివరి ప్రశ్నోత్తరాలను అసలు వదలకూడదు, పండితులు తమ వాదంలోని బలహీనతను ఒప్పుకొనేది ఎక్కువగా అక్కడే.

యుద్ధకాలంలో చరిత్ర కూడా ఆయుధమే కనుక, ఒకే పక్షపు గొంతు వింటే చాలదు. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అని వాదిస్తూ పుతిన్ 2021 జులైలో ప్రకటించిన వ్యాసాన్ని స్వయంగా చదివి, ఆ పక్కనే హార్వర్డ్ ఆచార్యుడు సెర్హీ ప్లోఖీ వంటి చరిత్రకారులు ఏ పత్రాల ఆధారంగా మాట్లాడుతున్నారో చూడమనండి. తరువాత 1991 డిసెంబరు 1 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో తొంభై శాతానికి పైగా ఓటర్లు స్వాతంత్ర్యానికి అవునన్నారన్న వాస్తవాన్ని ఆ వ్యాసం ముందు పెట్టుకొని ఆలోచించమనండి.

మన విద్యార్థికి ఉన్న ప్రత్యేక వనరు ఒకటుంది. 1932–33లో ఉక్రెయిన్‌లో లక్షలమందిని బలిగొన్న కరువును అక్కడివారు ‘హోలోదోమోర్’ అంటారు, ఆకలితో చంపడమని దాని అర్థం. అది జాతిహత్యా కాదా అన్నదానిపై పండితుల్లో వాదం ఉంది. జాతిహత్య అన్న అర్థంలో ‘జెనోసైడ్’ అనే మాటను పుట్టించిన రఫాయెల్ లెమ్కిన్ ల్వివ్‌లో న్యాయశాస్త్రం చదివినవాడు, ఈ కరువును ఆయన జాతిహత్యగానే చూశాడు. సరిగ్గా నూరేళ్ల ముందు, 1832–33లో, కంపెనీ పాలనలో మీ గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టింది. పెద్దల నోట అది డొక్కల కరువుగా నిలిచింది. ఆ రెండూ ఒకటే అనడం తొందరపాటు. పన్ను వసూలుకూ బలవంతపు ధాన్య సేకరణకూ ఉన్న తేడాను, పాలకుల ఉద్దేశానికీ ఉదాసీనతకూ ఉన్న తేడాను ఓపికగా విడదీసి రాయగలిగితే, అది ఏ విశ్వవిద్యాలయంలోనైనా గౌరవించదగిన ఎం.ఎ. వ్యాసం అవుతుంది.

అంతకంటే దగ్గరి వనరు మీ ఇంట్లోనే ఉంది. 2022 మార్చి తొలి రోజుల్లో ఖార్కివ్‌లోని భారతీయ విద్యార్థులు మెట్రో స్టేషన్లలో, నేలమాళిగల్లో తలదాచుకున్నారు. వెంటనే నగరం వదలమని, వాహనం దొరకకపోతే నడిచి అయినా పిసోచిన్ వంటి శివారు ఊళ్లకు చేరమని మన రాయబార కార్యాలయం చెప్పింది. ఆ రోజుల గురించి తెలుగులో నమోదైన సాక్ష్యం చాలా తక్కువ. మీ అమ్మాయిని వాళ్ల అన్నయ్య ఎదుట కూర్చోబెట్టండి. అతని అనుమతి తీసుకొని, ఫోనులో రికార్డు పెట్టి, ఏ తేదీన ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో, ఇంట్లోవాళ్లతో ఏ మాట చెప్పకుండా దాచాడో అడగమనండి. అతను చెప్పలేనంటే అక్కడే ఆపాలి, నిద్రపట్టని జ్ఞాపకాలను బలవంతంగా తవ్వకూడదు. ఆపై అతని స్నేహితుల్లో ఇష్టపడిన మరో నలుగురైదుగురిని అడిగి, మాటను మాటగా తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి అనువదించి ఉంచుకోవాలి. ఎం.ఎ. దరఖాస్తులోనైనా, ఉపకారవేతనపు ఇంటర్వ్యూలోనైనా వంద ప్రసంగాలు విన్నానని చెప్పడం కన్నా ఇది ఎక్కువ పలుకుతుంది.

ఉక్రెయిన్ వెళ్లి చదువుతానని అమ్మాయి అంటే మాత్రం, యుద్ధం ఆగేదాకా ఒప్పుకోవద్దు. వార్సా, వియన్నా, లండన్, ఎడ్మంటన్ నగరాల్లో ఈ చదువుకు చోటుంది. డిగ్రీ మూడో ఏడాది ముగిసేనాటికి ఉక్రేనియన్‌లో ఒక వార్తను నిఘంటువు సాయంతో చదవగలిగి, తను రాసిన రెండు వ్యాసాలు, ఆ సాక్ష్యాల కట్ట చేతిలో ఉంటే, వాటిని తీసుకొని మీ ఇద్దరూ నన్ను కలవండి, ఎక్కడెక్కడ దరఖాస్తు చేయాలో అప్పుడు కూర్చొని నిర్ణయిద్దాం.